చివర్న వచ్చిన అమ్మ పేరు

పొగడటం అగస్టీన్‌కి జీతమొచ్చే పని. క్రీ.శ. 384లో మిలాన్ నగరం అతన్ని అలంకారశాస్త్ర ఆచార్యుడిగా పిలిపించుకుంది. రోమన్ చక్రవర్తి కొలువు అప్పట్లో అక్కడే. అందుకని పిల్లలకి పాఠాలు చెప్పడంతోపాటు ఏలినవారి మీద స్తోత్రం రాసి నిండు సభలో చదవడం కూడా ఆ ఉద్యోగంలో భాగమే. అలాంటి ప్రసంగం ఒకటి తయారుచేసుకున్న రోజుల్ని తర్వాత తలచుకుంటూ, అందులో బోలెడన్ని అబద్ధాలు చెప్పబోయాననీ, అవి అబద్ధాలని తెలిసినవాళ్లే మెచ్చుకోబోయారనీ తనే రాసుకున్నాడు.

ఆ మనిషికి 387లో తల్లి పోయింది. మరో పదేళ్లకి, ఉత్తర ఆఫ్రికాలోని హిప్పోలో బిషప్‌గా ఉంటూ, ‘కన్ఫెషన్స్’ రాశాడు. దేవుడితో మాట్లాడుతున్నట్టు సాగే పదమూడు భాగాల పుస్తకం అది. తొమ్మిదో భాగంలో రెండో సగమంతా తల్లిదే. స్తోత్రం రాయడంలో అంత చేయి తిరిగినవాడు, కావాలంటే ఒక గొప్ప స్తోత్రం కట్టగలిగినవాడు, ఆ పని చెయ్యలేదు. దానికి బదులు ఏం చేశాడో, ఎంత నేర్పుగా చేశాడో చూడాలి.

మన క్రైస్తవ ఇళ్లలో తల్లి పోతే జ్ఞాపకార్థ కూడిక పెడతారు. ఫ్లెక్సీ మీద నవ్వుతున్న ఫొటో, కింద రెండు తేదీలు. పాస్టరుగారు సామెతల గ్రంథం 31వ అధ్యాయం తీస్తారు. పిల్లలు ఒక్కొక్కరే మైకు దగ్గరికొచ్చి సాక్ష్యం చెబుతారు: అమ్మ ప్రార్థనాపరురాలు, ఎవర్నీ పల్లెత్తు మాట అనలేదు, ఇంటికొచ్చినవాళ్లని అన్నం పెట్టకుండా పంపలేదు. ప్రతి మాటా నిజమే అయి ఉంటుంది. అయినా షామియానా దాటి బయటికొచ్చేసరికి ఆ అమ్మ పక్క వీధి అమ్మలో కలిసిపోతుంది. ఎవరి గురించైనా చెప్పగలిగే మాటలవి. అగస్టీన్ తల్లి మోనిక మాత్రం పదహారు వందల ఏళ్లుగా ఎవరిలోనూ కలిసిపోలేదు.

ఆమె పుట్టింది 331–32 ప్రాంతంలో. కాపురం తగాస్తె అనే ఊళ్లో. ఇవాళ అల్జీరియాలో సూక్ అహ్రాస్ అంటారు. పుట్టిల్లు క్రైస్తవులది. భర్త పాట్రీషియస్ క్రైస్తవుడు కాడు. ఊరి పాలకసభలో సభ్యుడు, ఏదో ఉన్నంతలో పరువుగా బతికే మనిషి, ముక్కుమీద కోపం, పరాయి ఆడవాళ్ల సావాసం. చనిపోయే ముందు బాప్తిస్మం తీసుకున్నాడు. ముగ్గురు పిల్లలు. 354 నవంబరు 13న పుట్టిన అగస్టీన్ చదువుకని కార్తేజ్ వెళ్లి, పర్షియా ప్రవక్త మానీ స్థాపించిన మతంలో చేరాడు. పెళ్లి లేకుండానే ఒకామెతో కాపురం పెట్టి కొడుకుని కన్నాడు. తల్లి ఏడ్చింది, ప్రార్థించింది, చివరికి సముద్రం దాటి ఇటలీకి వచ్చేసింది. 387 ఈస్టరుకి మిలాన్ బిషప్ ఆంబ్రోస్ చేతులమీదుగా కొడుకు బాప్తిస్మం పుచ్చుకున్నాడు. ఆ ఏడాదే సొంతగడ్డకి తిరిగి వెళ్తూ, రోముకి రేవైన ఓస్తియాలో ఓడకోసం ఆగినప్పుడు ఆమెకి జ్వరమొచ్చింది. తొమ్మిదో రోజున పోయింది. అప్పటికి యాభై ఆరో ఏడు.

ఇక పనితనం. మొదట కనిపించేది చావు కబురు చెప్పిన తీరు. మిలాన్ వదిలాం, ఆఫ్రికా బయల్దేరాం, టైబర్ నది ఒడ్డున ఓస్తియా చేరాం అని ప్రయాణం ముచ్చట చెబుతూ చెబుతూ, అమ్మ పోయిందన్న సంగతిని లాటిన్‌లో మూడు మాటల్లో అనేస్తాడు. వెంటనే, తొందరలో ఉన్నాను, చాలా సంగతులు వదిలేస్తున్నాను అంటాడు. చదివేవాడు తేరుకునేలోపే కథ వెనక్కి తిరిగి ఆమె చిన్నతనానికి వెళ్లిపోతుంది. మరణశయ్య దాకా మెల్లగా నడిపించి, చివర్న కళ్లనీళ్లు పెట్టించే ఉపాయం అతనికి తెలియక కాదు. పోతుందా, పోదా అన్న ఉత్కంఠని ముందే తీసి పక్కన పడేశాడు. ఇక ఆమె ఎవరన్నదొక్కటే మిగులుతుంది. చిన్నపిల్ల అల్లరి చదువుతున్నంతసేపూ ఆమె లేదన్న సంగతి మనకి తెలుసు. అలా అని అతను మళ్లీ మళ్లీ గుర్తుచెయ్యడు.

తండ్రి చావు ఎక్కడుందో కూడా చూడండి. మూడో భాగంలో, సిసెరో రాసిన ఒక పుస్తకం తనని ఎలా మార్చిందో చెబుతూ, అమ్మ డబ్బుతో చదువుకుంటున్న రోజులవి, నాన్న పోయి అప్పటికి రెండేళ్లు అని ఒక వాక్యం మధ్యలో ఇరికించాడు. అంతే.

తల్లి బాల్యం నుంచి అతను ఎంచుకున్న సంఘటన ఏ జ్ఞాపకార్థ కూడికలోనూ ఎవరూ చెప్పరు. పుట్టింట్లో ఒక ముసలి దాసి ఉండేది. మోనిక తండ్రిని పసివాడిగా వీపున మోసిన మనిషి. అందువల్ల ఇంట్లో ఆమె మాటకి తిరుగులేదు. యజమాని ఆడపిల్లల పెంపకం ఆమెదే. భోజనం వేళ తప్ప మధ్యలో ఎంత దాహమేసినా మంచినీళ్లు కూడా తాగనిచ్చేది కాదు. ఆమె లెక్క ఆమెది: ద్రాక్షారసం ఇప్పుడు చేతికందదు కాబట్టి నీళ్లు తాగుతున్నారు, రేపు పెళ్లయి కొట్టుగది తాళాలు చేతికొచ్చాక నీళ్లు రుచించవు, అలవాటు మాత్రం ఉండిపోతుంది. మన బామ్మల నోట వినగలిగిన తర్కమే.

ఇంత కట్టడిలో పెరిగిన పిల్లనే, బుద్ధిమంతురాలని నమ్మి, తల్లిదండ్రులు పీపాలోంచి ద్రాక్షారసం తెమ్మని పంపేవారు. పీపా పైన తెరిచి ఉంటుంది. గిన్నె లోపలికి దింపి ముంచాలి, కూజాలోకి పొయ్యాలి. పోసేముందు పెదాల చివర్న కాస్త తడి చేసుకునేది. అంతకుమించి తాగబుద్ధయ్యేది కాదు, రుచి సహించేది కాదు. తాగుడు మీద మోజుతో కాదు, ఆ వయసు పిల్లలకి ఉండే తుంటరితనంతో. రోజూ ఆ కాస్తకి ఇంకాస్త చేరింది. చేరి చేరి ఇంచుమించు నిండు గిన్నెలే గటగటా తాగేదాకా వచ్చింది. తోడు వెళ్లే దాసిపిల్లకి ఈ సంగతి తెలుసు. ఒకరోజు ఇద్దరే ఉన్నప్పుడు ఏదో పోట్లాట వచ్చి, ఆ పిల్ల చిన్న దొరసానిని పట్టుకుని తాగుబోతుదానా అనేసింది. ఆ మాట ముల్లులా దిగింది. మోనిక తన తప్పు తను చూసుకుని అక్కడికక్కడే మానేసింది.

ఇందులో నాకు నచ్చినవి చాలా ఉన్నాయి. గిన్నె, పీపా, కూజా, పెదవి చివర: చక్రవర్తుల మీద ఉపన్యాసాలు రాసినవాడు కొట్టుగదిలో పని ఎలా జరుగుతుందో ఇంత దగ్గరగా చూపిస్తాడు. దాసిపిల్లని గొప్పదాన్నీ చెయ్యడు. ఆమె అన్నది కోపంతో, నొప్పించాలని, ఎవరూ లేని చోట చూసుకుని. చిన్న దొరసానిని దిద్దాలని కాదు. మంచి బుద్ధితో పెట్టిన కట్టడి పనిచెయ్యలేదు, చెడ్డ బుద్ధితో అన్న తిట్టు పనిచేసింది. ఆ తిరకాసుని చదునుచెయ్యకుండా అలాగే వదిలాడు. అన్నింటికన్నా ముఖ్యం, ఈ కథ తనకెలా తెలుసో ఒక చిన్న మాటలో చెబుతాడు: అమ్మే నాతో చెప్పింది. ఒక తల్లి తన చిన్నప్పటి తప్పుని కొడుకుతో నవ్వుతూనో సిగ్గుపడుతూనో చెప్పుకున్న ఒక సాయంత్రం, రాయకుండానే, ఆ చిన్న మాట వెనక కనిపిస్తుంది.

దీనికి అతను తర్వాత మూల్యం చెల్లించాడు. ముసలితనంలో అతనితో వాదానికి దిగిన ఎక్లానమ్ బిషప్ జూలియన్, మీ అమ్మ తాగుబోతని నువ్వే రాసుకున్నావు కదా అని ఎత్తిపొడిచాడు. శత్రువు చేతికి ఆ కర్ర ఇచ్చింది తనే. అయినా ఆ పేజీ తీసెయ్యలేదు.

గిన్నె కథ తొమ్మిదో భాగంలో వస్తుంది. పుస్తకం మొదటినుంచీ చదువుతున్నవాడికి మాత్రం ఆరో భాగంలో ఇంకో గిన్నె అప్పటికే ఎదురై ఉంటుంది. మిలాన్ వచ్చిన కొత్తలో మోనిక తమ ఆఫ్రికా ఆచారం ప్రకారం బుట్టలో జావ, రొట్టె, ద్రాక్షారసం పెట్టుకుని హతసాక్షుల సమాధుల దగ్గరికి వెళ్లింది. ముందు తను రుచి చూసి అందరికీ పంచడం అక్కడి పద్ధతి. ఆమె దగ్గరుండేది ఒకటే చిన్న గిన్నె, తనకి సరిపడేలా నీళ్లు కలిపింది. ఎన్ని సమాధులున్నా ఆ ఒక్క గిన్నెనే తిప్పేది. చివరికొచ్చేసరికి అందులో ఉన్నది పలచబడి, గోరువెచ్చనై, చుట్టుపక్కలవాళ్లకి తలా ఒక గుక్కకి సరిపోయేది. ద్వారం దగ్గర కాపలావాడు ఆపాడు: బిషప్‌గారు వద్దన్నారు. ఆమె మారు మాట్లాడకుండా మానేసింది. కొడుకు గమనించాడు, ఒక కొంటె మాట కూడా వేశాడు: వద్దన్నది ఆంబ్రోస్ కాకుండా ఇంకెవరైనా అయితే అంత తేలిగ్గా ఒప్పుకునేది కాదేమోనని. ముందు వయసు మళ్లిన స్త్రీ చేతిలో పలచటి గిన్నె, మూడు భాగాల తర్వాత చిన్నపిల్ల చేతిలో నిండు గిన్నె. రెండింటినీ కలుపుతూ అతను ఒక్క మాటా అనడు. ఆ కలుపుకోవడం మనకి వదిలేశాడు.

ఆమె సంసారం గురించిన పేజీలు ఇవాళ మింగుడుపడటం కష్టం. భర్త కోపంలో ఉన్నప్పుడు మాటతోగానీ చేతతోగానీ ఎదురు వెళ్లేది కాదట. చల్లారాక, సమయం చూసి, తను ఎందుకలా చేసిందో చెప్పేదట. ఊళ్లో మిగతా ఆడవాళ్లు, అంత కోపిష్ఠి కాని మొగుళ్లున్నవాళ్లు కూడా, ముఖాల మీద దెబ్బల గుర్తులతో వచ్చి చెప్పుకుంటే, పెళ్లి పత్రం చదివిన రోజే మనం దాసీలమయ్యామని గుర్తుపెట్టుకోండి అని సగం హాస్యంగా, సగం నిజంగా అనేదట. అగస్టీన్ దీన్ని మెచ్చుకుంటూ రాశాడు, మనం మెచ్చుకోలేం. కానీ ఆ మెప్పుకోసమని దెబ్బల గుర్తుల్ని అతను దాచలేదు. నాలుగో శతాబ్దపు ఒక చిన్న పట్నంలో ఆడవాళ్లు కూర్చుని ఏం మాట్లాడుకున్నారో ఆ వాక్యంలో వినిపిస్తుంది. అత్తగారి సంగతీ అంతే. దాసీలు చాడీలు చెప్పి అత్తాకోడళ్ల మధ్య పుల్లలు పెట్టారు. కోడలు ఓపిక పట్టి అత్త మనసు గెలుచుకుంది. అత్తే కొడుకుతో చెప్పి ఆ దాసీల్ని కొరడాతో కొట్టించింది. ఆ తర్వాత ఇల్లు ప్రశాంతంగా ఉంది. ఆ ప్రశాంతత ఎవరి వీపుల మీద వచ్చిందో అతను పట్టించుకోలేదు. దాచలేదు కూడా.

ఇదే వరసలో అతను నిజంగా ముచ్చటపడి రాసింది ఒకటుంది. ఇద్దరు ఆడవాళ్లు గొడవపడి విడివిడిగా ఆమె దగ్గరికొచ్చి ఒకరి మీద ఒకరు కడుపులో ఉన్నదంతా కక్కేవారు. ఆమె రెండు వైపులా వినేది. వాళ్లని కలపడానికి పనికొచ్చే మాట ఏదైనా ఉంటే అదొక్కటే అవతలికి చేరవేసేది. మిగతాది తన దగ్గరే ఉండిపోయేది. ఇదేమంత పెద్ద గుణం అని తనే అడిగి, ఇటు మాటలు అటు మోసి, అనని మాటలు కూడా కలిపేవాళ్లని లెక్కలేనంత మందిని చూశాను కాబట్టి చెబుతున్నాను అంటాడు. వీధిలో పదిమంది గౌరవించే ప్రతి పెద్దమ్మలోనూ ఉండేది ఈ గుణమే. సాక్ష్యం చెప్పేటప్పుడు మాత్రం ఎవరికీ గుర్తురాదు.

ఎంత వదిలేశాడో తెలుసుకోవాలంటే అతని పాత రచనలు తిరగెయ్యాలి. 386 శరత్కాలంలో ఉద్యోగం మానేసి, మిలాన్ బయట కాసిసియాకం అనే పల్లెలో ఒక మిత్రుడి ఇంట్లో కొన్నాళ్లున్నాడు. తల్లీ, కొడుకూ, సోదరుడూ, శిష్యులూ అందరూ అక్కడే. అప్పటి సంభాషణల్ని పుస్తకాలుగా రాశాడు. తన పుట్టినరోజున మొదలై మూడు రోజులు సాగిన ‘ఆనందమయ జీవితం’ గురించిన చర్చలో మోనిక కూర్చుని మాట్లాడుతుంది. కోరుకున్నది దొరికితే చాలదు, కోరుకున్నది మంచిదై ఉండాలన్న ఆమె మాటకి కొడుకు ఆశ్చర్యపోతాడు. ఇంకో పుస్తకంలో నవ్వొచ్చే ఘట్టం ఉంది. లిసెంటియస్ అనే కుర్ర శిష్యుడు కొత్తగా నేర్చుకున్న కీర్తనని మరుగుదొడ్లో కూర్చుని గొంతెత్తి పాడుతుంటే మోనిక మందలించింది: పాడే చోటేనా అది? నన్ను శత్రువెవరైనా అందులో పెట్టి తలుపేస్తే నా పాట దేవుడు వినడా అని వాడి జవాబు. ఇల్లు చూసుకునే పెద్దావిడా, చదువుకున్న కుర్రాడూ ఉన్న ఏ ఇంట్లోనైనా జరిగే సంగతే. పదేళ్ల తర్వాత ‘కన్ఫెషన్స్’ రాసేటప్పుడు వీటిలో ఒక్కటీ వాడుకోలేదు. అందరూ కలిసి బతికిన రోజుల్లో ఆమె గురించి ఒకటి రెండు వాక్యాలే. అందులో ఒకటి: మా అందర్నీ కన్నతల్లిలా చూసుకుంది, మా అందరికీ కన్నకూతురిలా చాకిరీ చేసింది. అంత సరుకు చేతిలో ఉండి ఒకటి రెండు వాక్యాలతో సరిపెట్టుకోగలగడం చాలామంది రచయితలకి ముసలితనంలో కూడా రాదు.

ఓస్తియా కిటికీ ఘట్టం ప్రసిద్ధం. ఇంటి లోపలి తోటవైపు తెరిచిన కిటికీకి ఆనుకుని తల్లీకొడుకులిద్దరూ నిత్యజీవం గురించి మాట్లాడుకుంటారు. ఆ మాటలు మెట్టు మెట్టుగా పైకెళ్లి ఒక్క క్షణం అవతలిదేదో తాకి మళ్లీ కిందికొస్తాయి. అక్కడ ఒక మహా వాక్యం ఉంది. శరీరపు గోల ఆగితే, నేలా నీళ్లూ గాలీ మిన్నకుంటే, మనసు కూడా తన గొంతు తను వినకపోతే, అంటూ అన్నిటినీ ఒక్కొక్కటే నోరు మూయిస్తూ పేజీ పొడుగునా సాగే ఒకే వాక్యం. అక్షరాస్యురాలో కాదో కూడా తెలియని ఇల్లాలిని, ప్లాటో సంప్రదాయం చదువుకున్నవాళ్లే ఎక్కగలమనుకున్న మెట్ల మీద తన పక్కనే నడిపించాడు. ఇన్ని పేజీల్లో స్తోత్రానికి దగ్గరగా వచ్చింది ఇక్కడే, అదీ పొగిడే మాట ఒక్కటి లేకుండా. ఆ వెంటనే ఆమె నోట మామూలు మాటలు: నాకిక ఇక్కడ పనేముందో తెలియడంలేదు నాయనా, నువ్వు క్రైస్తవుడివి కావడం చూసి పోదామనుకున్నాను, చూశాను.

ఐదారు రోజులకే జ్వరం. ఒకసారి స్పృహ తప్పి, తేరుకుని, ఎక్కడున్నాను అని అడిగింది. మీ అమ్మని ఇక్కడే పెట్టేస్తారు అంది. ఇంకో కొడుకు నావిజియస్, పరాయి దేశంలో కాకుండా మన ఊళ్లో అయితే బాగుండేది అన్నట్టు ఏదో అన్నాడు. ఆమె వాడి వంక కళ్లతోనే కోప్పడి, అగస్టీన్ వైపు తిరిగి, వీడేమంటున్నాడో చూడు అంది. నాకు ఈ పుస్తకంలో మోనిక ముఖం స్పష్టంగా కనబడే చోటు ఇది. తర్వాత ఇద్దరితోనూ, ఈ దేహాన్ని ఎక్కడైనా పెట్టండి, బెంగపడొద్దు, ఎక్కడున్నా ప్రభువు బల్ల దగ్గర నన్ను తలుచుకోండి చాలు అంది. అంతకుముందు ఆమె భర్త పక్కనే తనకోసం సమాధి సిద్ధం చేయించుకున్న మనిషి. ఆ పట్టుదల ఎప్పుడు సడలిందో కొడుక్కి తెలియదు. తెలియదనే రాశాడు.

తర్వాతి పేజీలు ఒక మనిషి ఏడవకుండా ఉండటానికి చేసిన ప్రయత్నం గురించి. ఆమె కళ్లు తనే మూశాడు. దుఃఖం పొంగి కళ్లదాకా వచ్చింది; మనసు గట్టిగా ఆజ్ఞాపిస్తే కళ్లు ఆ ఊటని వెనక్కి పీల్చుకున్నాయి. పదిహేనేళ్ల కొడుకు అడియోడాటస్ గొల్లుమన్నాడు. అందరూ కలిసి వాణ్ణి ఊరుకోబెట్టారు. ఆమె విశ్వాసంలో పోయింది, ఏడుపు తగదని వాళ్ల నమ్మకం. మిత్రుడు ఎవోడియస్ కీర్తనల గ్రంథం అందుకుని మన బైబిల్లో 101వది అయిన కీర్తన ఎత్తుకున్నాడు. అంత్యక్రియలు చూసేవాళ్లు తమ పని చూస్తున్నారు. పలకరించడానికొచ్చినవాళ్లతో అగస్టీన్ ఒక పక్కన కూర్చుని సందర్భానికి తగ్గ మాటలు మాట్లాడుతున్నాడు. వాళ్లు ఇతనికి బాధ లేదనుకున్నారు. సమాధికి వెళ్లాడు, ప్రార్థనలయ్యాయి, తిరిగొచ్చాడు, చుక్క నీరు రాలేదు. స్నానం బెంగని పోగొడుతుందని ఎప్పుడో విన్న మాట గుర్తొచ్చి స్నానానికి వెళ్లాడు. చేసొచ్చాడు, ముందెలా ఉన్నాడో అలాగే ఉన్నాడు. మహాపండితుడు, తల్లి పోయిన రోజున, వేడినీళ్లకి దుఃఖం తగ్గుతుందేమోనని ప్రయత్నించి చూశాడన్న సంగతి పుస్తకంలో ఉంచుకున్నాడు. ఇలాంటి చోట పనికిరాని వివరాన్ని ఉంచుకోవడమే పెద్ద విద్య.

నిద్రపోయాడు. లేచేసరికి కొంచెం తేలిగ్గా ఉంది. పక్కమీద ఒంటరిగా ఉండగా ఆంబ్రోస్ రాసిన సాయంకాలపు కీర్తన ఒకటి మనసులోకొచ్చింది, ‘దేయుస్ క్రెయాతోర్ ఓమ్నియుమ్’. అక్కడినుంచి మెల్లగా అమ్మ మీదికి తలపు మళ్లింది, కట్ట తెగింది. ఇది చదివి కదిలిపోయేవాళ్లు కొన్ని పేరాలు వెనక్కి వెళ్లి చూడాలి. ఇదే తొమ్మిదో భాగంలో మిలాన్ ఆరాధన గురించి రాశాడు: 386లో రాజమాత జస్టీనా చర్చిని స్వాధీనం చేసుకోవాలని చూస్తే, విశ్వాసులు రాత్రింబగళ్లు లోపలే ఉండి కాపలా కాశారు, జనం నీరసించకుండా తూర్పుదేశాల పద్ధతిలో కీర్తనలు పాడించడం అప్పుడే మొదలైంది, ఆ జాగారాల్లో అమ్మ ముందు వరసలో ఉంది. అక్కడ అది చరిత్ర. ఇక్కడికొచ్చి ఆ పాటే గుండె తలుపు తీస్తుంది. పాటకీ అమ్మకీ ఉన్న బంధాన్ని ముందే నాటి, అవసరమైన చోట దాని పేరెత్తకుండా వాడుకున్నాడు.

ఎంతసేపు ఏడ్చాడు? గంటలో కొద్దిసేపు. నాకోసం ఏళ్లతరబడి ఏడ్చిన తల్లికోసం గంటలో కొద్దిసేపు ఏడిస్తే తప్పుపడతారా అని చదివేవాళ్లని అడుగుతాడు. కళ్లనీళ్లకి కూడా అప్పు లెక్క కట్టినవాడు! నాలుగో భాగంలో, కుర్రతనంలో పోయిన స్నేహితుడికోసం పేజీల కొద్దీ విలపించాడు. 426–27లో తన రచనలన్నీ తిరిగి చూసుకుంటూ ఆ విలాపంలో ఒక చోటుని తేలికపాటి ఉపన్యాసంగా ఉందని తప్పుపట్టుకున్నాడు. తల్లి గురించి రాసిన దాని జోలికి పోలేదు.

చివర్న ప్రార్థన. ఆమె మంచిది అని దేవుడికి నచ్చచెప్పడు. బాప్తిస్మం తర్వాత ఆమె నోట ఒక్క తప్పు మాట కూడా రాలేదని నేను అనలేను, క్షమించు అంటాడు. చనిపోయినవాళ్లకోసం ఇలా ప్రార్థించడం గుంటూరు లూథరన్లకీ ఒంగోలు బాప్టిస్టులకీ రుచించకపోవచ్చు. మన కతోలిక ఊళ్లలో ముప్పయ్యో రోజు పూజ పెట్టించేవాళ్లకి ఇది తమ మాటలానే వినిపిస్తుంది. ఎవరెలా తీసుకున్నా, తల్లి తరఫున కొడుకు చెయ్యగలిగిన నిజాయితీ ఇంతకన్నా లేదు. ఆ ప్రార్థన చివరి వాక్యాల్లో, ఇది చదివేవాళ్లు బలిపీఠం దగ్గర తన తల్లిదండ్రుల్ని తలుచుకోవాలని అడుగుతూ, మొదటిసారి ఆమె పేరు రాశాడు. పదమూడు భాగాల్లో మోనిక అన్న పేరు ఈ ఒక్కచోటే ఉంది. అప్పటిదాకా అమ్మ, నీ దాసి, అంతే. పక్కనే భర్త పేరు. తొమ్మిది భాగాలు దాచి ఉంచిన పేరుని పొగడటానికి వాడలేదు, చదివేవాడికి ఒక పని అప్పగించడానికి వాడాడు.

లోటు లేదని కాదు. అడియోడాటస్ తల్లి సంగతి ఈ పేజీల్లో లేదు. ఎన్నో ఏళ్లు కాపురం చేసిన ఆ మనిషిని, మంచి సంబంధం కుదిరిందని, ఆఫ్రికా పంపేశారు. ఆ సంబంధం కుదర్చడంలో మోనిక చెయ్యి పెద్దదే. ఆరో భాగంలో అగస్టీన్ ఆ ఎడబాటుని గాయమనే రాశాడు, ఆమె పేరు ఎక్కడా రాయలేదు. తల్లి ప్రార్థనలకి ఫలితంగా చెప్పుకునే కథలో మరో తల్లి కొడుకుని వదిలి వెళ్లిపోయింది. తల్లిని నిర్మొహమాటంగా చూపించగలిగిన చెయ్యి ఇక్కడ వెనక్కి పోయింది. తోబుట్టువైన అక్కో చెల్లెలో కూడా ఈ పుస్తకంలో కనిపించదు.

ఓస్తియాలో మోనిక సమాధి మీద బాసస్ అనే రోమన్ ప్రముఖుడు పద్యంలో శిలాశాసనం చెక్కించాడు. సద్గుణాల తల్లి, బిడ్డవల్ల మరింత ధన్యురాలు అన్న ధోరణి. 1945లో అక్కడి సాంత ఆవ్రెయా చర్చి పక్కన ఆటకోసం గుంజ పాతుదామని గుంత తవ్విన ఇద్దరు కుర్రాళ్లకి ఆ పాలరాయి ముక్క దొరికింది. పదిహేనో శతాబ్దంలోనే ఆమె అస్థికల్ని రోముకి చేర్చారు. ఇప్పుడు కొడుకు పేరుతోనే ఉన్న చర్చిలో ఉన్నాయి. శాసనం చక్కని లాటిన్, పొగడ్త కూడా తప్పు లేదు. చదివాక ఆమె గురించి మనకి కొత్తగా ఏమీ తెలియదు.

421 ప్రాంతంలో, నోలా బిషప్ పౌలినస్ ఒక ధర్మసందేహం అడిగాడు: పునీతుల సమాధుల దగ్గర పాతిపెడితే చచ్చినవాళ్లకేమైనా మేలా? అగస్టీన్ దానికి ఒక చిన్న గ్రంథమే రాశాడు. పోయినవాళ్లు కలల్లో కనిపించడం గురించి అందులో చర్చ వచ్చింది. చనిపోయినవాళ్లకి బతికున్నవాళ్ల వ్యవహారాల్లో పాలుపంచుకునే వీలుండదని అతని వాదం; దానికి ఆధారం కావాలి. అరవై ఆరు, అరవై ఏడేళ్ల బిషప్ లేఖనాలు తర్వాత చూపిస్తాడు. ముందు చూపించింది తన సొంత రాత్రుల్ని. అలాంటి వీలే ఉంటే, నాతో ఉండాలని నేలమీదా నీళ్లమీదా నా వెంట వచ్చిన మా అమ్మ ఒక్క రాత్రి కూడా నన్ను విడిచిపెట్టేది కాదు; రావడంలేదంటే వీలు లేదనే అర్థం అని రాసి, తర్వాతి అంశానికి వెళ్లాడు.